బెజవాడ దాకా రాని గిటార్లు

రోహిణి కార్తెలో బెజవాడలో గిటార్ తీగ ఆయుష్షు వారం. నమ్మకపోతే మా ఇంటికొచ్చి చూడండి. కొత్త సెట్ వేసి రెండు సాయంత్రాలు వాయిస్తే చాలు, మూడో రోజుకి సన్న తీగల మీద నల్లటి మచ్చలు పడతాయి, వేలు జారిస్తే గరగరమంటుంది, ఐదో రోజుకి ఎంత బిగించినా శ్రుతి నిలవదు. మొన్న మే నెలాఖర్లో కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం తువ్వాలు మెడలో వేసుకుని తీగలు మారుస్తున్నాను. మా వాడు ఫోన్ పట్టుకొచ్చి నా ముఖం ముందు పెట్టాడు. ప్రపంచంలోకెల్లా గొప్ప గిటారిస్టులట, వరసగా పేర్లు. "నాన్నా, వీళ్ళలో నీకెంతమంది తెలుసు?"

హెండ్రిక్స్, క్లాప్టన్, జిమ్మీ పేజ్, వాన్ హేలెన్, సంతానా, నాప్‌ఫ్లర్. "అందరూ తెలుసురా" అన్నాను కాస్త గర్వంగానే. అన్న మరుక్షణం ఆ మాట నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. నేను ఇంటర్ చదివేటప్పుడు నాకు తెలిసిన పేర్లు కూడా అచ్చం ఇవే. ముప్పయ్యేళ్ళు దాటింది, ఈ మధ్యలో క్యాసెట్ పోయింది, సీడీ వచ్చి పోయింది, ఇప్పుడు కావలసిన పాట అరనిమిషంలో దొరుకుతోంది. పేర్లు మాత్రం అక్కడే ఉన్నాయి. వీళ్ళు గొప్పవాళ్ళు కాదని కాదు. వీళ్ళని గొప్పవాళ్ళని నేను ఎప్పుడు తేల్చుకున్నానా అని ఆలోచిస్తే, నేనసలు తేల్చుకోలేదు. గవర్నర్‌పేటలో ఒక క్యాసెట్ల షాపాయన తేల్చాడు, పాపం ఆయనకి ఆ సంగతి తెలియదు.

ఆ షాపులో తెలుగు పాటలకి ఒక గోడంతా అరలు, హిందీకి ఇంకో గోడ, 'ఇంగ్లీషు'కి మాత్రం గల్లాపెట్టె వెనక మోకాలి ఎత్తున ఒక్కటే అర. ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే, ఆ అరలో ఉన్నవాటిలోంచే ఎక్కించి వారానికి ఇచ్చేవాడు. లేని పాట రాస్తే దాని బదులు ఆయనకి తోచింది ఎక్కించేవాడు. నేను అలాగే ఒకసారి డీప్ పర్పుల్ రాక్ బ్యాండ్ అడిగితే డిస్కో పాటల బోనీ ఎమ్ వచ్చింది. ఆ అరలో ఉన్నవి దాదాపు అన్నీ 'గ్రేటెస్ట్ హిట్స్'. అర్థం చేసుకోవాల్సింది ఇక్కడే. ఒక్క పాట విడి రికార్డుగా, అంటే సింగిల్‌గా, విడుదలై మోగితేనే హిట్టు, పది హిట్లుంటేనే గ్రేటెస్ట్ హిట్స్, గ్రేటెస్ట్ హిట్స్ ఉంటేనే మద్రాసులో డీలరు తెప్పిస్తాడు, అక్కడ అమ్ముడుపోగా మిగిలింది రైలెక్కి బెజవాడ వస్తుంది. ఇన్ని జల్లెళ్ళు దాటి మన చెవిలో పడినవాడు 'గొప్ప గిటారిస్ట్'. ఏదో ఒక జల్లెట్లో చిక్కుకుపోయినవాడు అసలు లేనట్టే.

అలా చిక్కుకుపోయినవాళ్ళలో నాకు ప్రాణం లాంటివాడు రోరీ గల్లాగర్. ఐర్లండ్‌వాడు, 1948లో బాలీషానన్‌లో పుట్టి కార్క్ ఊళ్ళో పెరిగాడు. ఈయన చేసిన 'తప్పు' ఏమిటంటే, సింగిల్స్ విడుదల చెయ్యనన్నాడు. రేడియో కోసం పాటని మూడు నిమిషాలకి కత్తిరించి అమ్మడం ఇష్టం లేక ఆ పట్టు మీదే ఉన్నాడు. సింగిల్ లేదు కాబట్టి హిట్టు లేదు, హిట్టు లేదు కాబట్టి గవర్నర్‌పేట అరలోకి రాలేదు. అంతే కథ. 1970ల మొదట్లో లండన్ పత్రిక మెలొడీ మేకర్ పాఠకులు మేటి గిటారిస్ట్‌గా క్లాప్టన్‌ని కాదని ఈయనకి ఓటేశారు. 1975 జనవరిలో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్‌లో మిక్ టేలర్ ఖాళీ చేసిన చోటికి గిటారిస్ట్‌ని వెతుకుతూ రోటర్‌డామ్ రమ్మని పిలిస్తే, వెళ్ళి వాళ్ళతో వాయించి, తన జపాన్ టూరు ఉందని వచ్చేశాడు. మన దగ్గర ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. పెద్ద బేనర్‌లో ఛాన్సొస్తే పల్లెటూరి తిరనాళ్ళలో ప్రోగ్రాం ఒప్పుకున్నానని వదిలేసేవాడు ఎవడుంటాడు?

నేను ఈయన్ని మొదట విన్నది ఇంటర్నెట్ సెంటర్ రోజుల్లో. బెంజ్ సర్కిల్ దగ్గర గంటకి ఇంత అని కట్టి, ఒక్క పాట దిగడానికి ముక్కాలు గంట కాచుకుని కూర్చునేవాళ్ళం, మధ్యలో కనెక్షన్ తెగితే మళ్ళీ మొదటినుంచి. పేరు చూసి కాదు, ఫైల్ సైజు చిన్నగా ఉందని దింపాను. అది 'టాటూడ్ లేడీ', 1974 ఐరిష్ టూర్‌లో రికార్డు చేసింది. మొదటి ముప్పై సెకన్లలో నన్ను పట్టుకున్నది వేగం కాదు, ఆయన వాయిస్తున్నప్పుడు పాట కూడా పాడుతున్నాడన్న సంగతి. నోటితో ఒక మాట అనడం, ఆ మాటకి గిటార్ జవాబివ్వడం, జవాబు పూర్తి కాకముందే మళ్ళీ నోరు అందుకోవడం. ఇద్దరు మనుషులు వరండాలో కూర్చుని పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

ఆ టూరు గురించి తర్వాత తెలిసింది. అప్పుడు బెల్‌ఫాస్ట్‌లో బాంబులు పేలుతున్నాయి, బయట బ్యాండ్లు చాలావరకు ఆ ఊరు వెళ్ళడం మానేశాయి. ఈయన మాత్రం బెల్‌ఫాస్ట్, డబ్లిన్, కార్క్ మూడింటా వాయించాడు.

ఇక ఆ గిటార్. 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్, సన్‌బర్స్ట్ రంగుది. ఐర్లండ్‌లోనే ఒక డాన్స్ బ్యాండ్ గిటారిస్ట్ ఎర్రది కావాలని ఆర్డరిస్తే కంపెనీవాళ్ళు రంగు మార్చి పంపారట, ఎర్రది వచ్చాక ఆయన దీన్ని వదిలించుకున్నాడు. అది కార్క్‌లో సంగీత వాయిద్యాల షాపుకి సెకండ్ హ్యాండ్‌గా వస్తే, 1963లో పదిహేనేళ్ళ రోరీ నూరు పౌండ్లకి వాయిదాల మీద కొన్నాడు. తర్వాత డబ్లిన్‌లో వ్యాన్‌లోంచి ఎవరో ఎత్తుకుపోతే కొన్నాళ్ళకి ఒక గుంటలో దొరికింది. ఫొటోలు చూస్తే ఆ గిటార్ మీద రంగు ఉండదు. చెమటకి పోయింది. రాత్రికి రాత్రి రెండేసి గంటలు, ఏళ్ళ తరబడి, ఆ చెమట పెయింటుని తినేసి చెక్క బయటపెట్టింది. చలిదేశపు మనిషి చెమట అంత పని చేస్తే, బెజవాడలో పుట్టుంటే చెక్క కూడా మిగిలేది కాదేమో. తీగలు మార్చిన ప్రతిసారీ నాకీ గిటార్ గుర్తొస్తుంది. రోరీ 1995 జూన్‌లో లండన్‌లో పోయాడు, కాలేయ మార్పిడి ఆపరేషన్ తర్వాత, 47 ఏళ్ళకి. ఆ జూన్‌లో నేను ఎంసెట్ ర్యాంకు కోసం ఎదురుచూస్తున్నాను, ఆయన పోయిన సంగతి కాదు కదా, ఉన్న సంగతే తెలియదు. 2024 అక్టోబర్లో ఆ గిటార్ లండన్ వేలంలో ఎనిమిది లక్షల ఎనభై వేల పౌండ్లు దాటి పలికింది, ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి చేరింది.

ఇంకో ముక్క చెప్పి రోరీని వదిలేస్తాను, ఇది తర్వాత అవసరం. ఆయన మొదలైంది రాక్‌లో కాదు, షోబ్యాండ్‌లో. షోబ్యాండ్ అంటే మన ఆర్కెస్ట్రానే అనుకోండి. అందరికీ ఒకేరకం కోట్లు, ఆ వారం రేడియోలో మోగుతున్న పాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు వాయించాలి, జనం డాన్స్ చేస్తూనే ఉండాలి, సొంత పైత్యం చూపిస్తే మేనేజరు కళ్ళెర్రజేస్తాడు. కుర్రాడు అందులో ఊరూరా తిరిగి ఆ తర్వాతే టేస్ట్ అని సొంత బ్యాండ్ పెట్టాడు.

రానివాళ్ళ సంగతి ఇది. వచ్చి కూడా ఇంకొకరి పేరు మీద వచ్చినవాళ్ళు ఉన్నారు, అది ఇంకా బాధ. 'బ్లాక్ మ్యాజిక్ వుమన్' ఎవరిది అంటే బెజవాడేమిటి, ఎక్కడైనా పదిమందిలో తొమ్మిదిమంది సంతానా అంటారు, నేనూ చాలా ఏళ్ళు అదే అన్నాను, పందెం కూడా కాశాను, ఓడిపోయాను. 1968లో అది రాసి పాడింది పీటర్ గ్రీన్, ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే బ్యాండ్‌ని 1967లో మొదలుపెట్టినవాడు. ఆ బ్యాండ్ పేరు మనకి తెలుసు, కానీ మనకి తెలిసింది 1977 తర్వాతి పాప్ బ్యాండ్. గ్రీన్ అప్పటికి ఎప్పుడో, 1970లోనే, వెళ్ళిపోయాడు. డబ్బంటే ఏవగింపు పుట్టి, మనసు చెదిరి, ఆసుపత్రుల పాలై, కొంతకాలం శ్మశానంలో గోతులు తవ్వే పని చేశాడు. బ్యాండ్ కోట్లకి పడగెత్తింది. 2020లో పోయాడు.

ఆయన గిటార్ గొంతు వింతగా ఉంటుంది. ముక్కుతో పాడినట్టు, నూతిలోంచి పిలిచినట్టు. ఆయన లెస్ పాల్ గిటార్‌లో మెడ దగ్గరి పికప్, అంటే తీగ కదలికని కరెంటుగా మార్చే ముక్క, దాని అయస్కాంతం తలకిందులై ఉండేది. మామూలుగా రెండు పికప్‌లు కలిపి పెడితే రెండూ ఒకే దిక్కున తోస్తాయి. ఇక్కడ ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, అందుకని కింది స్వరాల బరువంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మధ్యలో సన్నటి ఏడుపు లాంటిది మిగులుతుంది. ఇది చదివాక ఊరుకోలేక నా పాత గిటార్, కోల్‌కతాలో తయారైనది, మూత విప్పి మెడ దగ్గరి పికప్ రెండు వైర్లూ అటుదిటు ఇటుదటు చేసి అతికించాను. సోల్డరింగ్ ఐరన్ పక్కింటి టీవీ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చాను, వేలు కాలింది, మొదటిసారి అసలు మోగలేదు, రెండోసారి బుయ్యిమని హమ్. మూడోసారి స్విచ్ మధ్యలో పెట్టి ఒక తీగ మీటితే... అదే గొంతు! నా వేళ్ళకి పీటర్ గ్రీన్ రాడు కానీ, ఆ గొంతు వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఏమీ తేడా తెలియలేదు. నేను మాత్రం ఆ రాత్రి పడుకోలేదు. ఆయన తన గిటార్‌ని గ్యారీ మూర్ అనే కుర్ర గిటారిస్ట్‌కి కారుచౌకగా ఇచ్చేశాడు, ఇప్పుడది మెటాలికా బ్యాండ్ గిటారిస్ట్ కర్క్ హామెట్ దగ్గరుంది. ఆ గిటార్ ఎవరెవరి చేతులు మారిందో చెప్పగలిగిన కుర్రాళ్ళు నాకు తెలుసు. గ్రీన్ వాయించిన 'ఆల్బట్రాస్', పెద్ద సముద్రపక్షి పేరది, వినమంటే మాత్రం "స్లోగా ఉంది అంకుల్" అంటారు. ఉండాలి కదా నాయనా, అది పక్షి, తూనీగ కాదు.

గిటారిస్ట్ టెరీ కాత్‌ది మూడో రకం అన్యాయం. చికాగో అనే బ్యాండ్ పేరు వినగానే నా వయసువాళ్ళకి గుర్తొచ్చేది ప్రేమపాటలు. 1982 నాటి 'హార్డ్ టు సే ఐ యామ్ సారీ' అలిగిన లవర్‌కి పంపించే క్యాసెట్లలో ఖాయంగా ఉండేది. అదంతా టెరీ కాత్ పోయాక వచ్చిన చికాగో. ఆయన ఉన్నప్పటి చికాగో వినాలంటే 1970 నాటి '25 ఆర్ 6 టు 4' పెట్టండి. పేరు లెక్కల పుస్తకంలా ఉంటుంది గానీ సంగతి సింపుల్, తెల్లవారుజామున నాలుగవడానికి ఇంకా పాతికో ఇరవయ్యారో నిమిషాలుంది, పాట తెమలడం లేదు, అంతే. దాన్ని రాసింది రాబర్ట్ లామ్, కానీ పాట మధ్యలో కాత్ గిటార్ అందుకుంటాడు. గిటార్ చేత మూలిగించే వావా పెడల్ కాలికింద తొక్కి పెట్టి, ఎదురుగా బ్యాండ్ మేళం మొత్తం ఊదుతున్నా ఖాతరు చెయ్యకుండా, సంతలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతుక్కుంటున్న తల్లిలా ఆ గిటార్ అరుస్తుంది. మొదటి ఆల్బంలో, అది 1969, ఆయనొక్కడే ఏ పెడల్సూ లేకుండా దాదాపు ఏడు నిమిషాలు యాంప్లిఫయర్ కూతలతోనే వాయించిన ముక్క ఒకటుంది. నిజం చెప్పాలంటే దాన్ని నేను పూర్తిగా విన్నది రెండే సార్లు, రెండోసారి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి మిక్సీ పాడైందా అని అడిగింది. 1978 జనవరిలో ఖాళీది అనుకున్న తుపాకీతో ఆడుతూ పోయాడు, ఇంకో వారం రోజుల్లో 32 నిండేవి. బ్యాండ్ బతికి, ప్రేమపాటలు పాడి, బెజవాడ దాకా వచ్చింది. ఆయన రాలేదు.

ఇప్పుడు గుంటూరు వెళ్దాం, గంట ప్రయాణం.

మన వైపు గిటార్ బతికిన చోట్లు రెండు, చర్చి, ఆర్కెస్ట్రా. నాకు గిటార్ మీద కార్డ్స్ (కలిపి మోగే స్వరాలు) పట్టడం నేర్పిన మాస్టారు బ్రాడీపేటలో ఉండేవారు, ఆదివారం పొద్దున చర్చిలో వాయించేవారు, శనివారం రాత్రి ఏ పెళ్ళిలోనో ఆర్కెస్ట్రాలో వాయించి, నిద్ర లేకుండా అదే గిటార్ మోసుకుని నేరుగా ఆరాధనకి వెళ్ళేవారు. సంఘంలో పెద్దలు కొందరికి ఇది నచ్చేది కాదు. రాత్రి ఐటెం సాంగ్ వాయించిన చేత్తో పొద్దున కీర్తన వాయించడమేమిటని ఒకాయన మొహం మీదే అడిగాడట. "మరి అదే నోటితో టీ తాగి ప్రసంగం చెబుతున్నారు కదండీ" అన్నారట మా మాస్టారు. అన్నారో లేదో గానీ, మాకు అలాగే చెప్పారు.

అమెరికాలో గిటార్ వాయిస్తూ దేవుడి పాటలు పాడిన సిస్టర్ రొసెట్టా థార్ప్ గురించి చదివినప్పుడు నాకు మాస్టారే కళ్ళముందు మెదిలారు. 1915లో ఆర్కన్సాలో కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పేరు చూడండి, పత్తి మొక్క, మన గుంటూరు జిల్లాలో ఏ ఊరికైనా పెట్టుకోవచ్చు. తల్లి సువార్త చెబుతూ ఊరూరా తిరిగేది, ఆరేళ్ళ పిల్ల గిటార్ పట్టుకుని పక్కన నిలబడి వాయించేది. 1938లో న్యూయార్క్ వెళ్ళి నైట్‌క్లబ్బులో అవే దేవుడి పాటలు వాయిస్తే చర్చివాళ్ళు భగ్గుమన్నారు. ఆవిడ మానలేదు. 1944లో రికార్డు చేసిన 'స్ట్రేంజ్ థింగ్స్ హ్యాపెనింగ్ ఎవ్రీ డే' విని తర్వాత 1955 నాటి రాక్ అండ్ రోల్ ఏదైనా వినండి, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో మీకే తెలుస్తుంది. రాక్ గిటార్‌కి తండ్రులు చాలామందిని చెబుతారు, తల్లి పేరు అడిగితే నసుగుతారు.

1951లో ఆవిడ మూడో పెళ్ళి వాషింగ్టన్‌లో బేస్‌బాల్ స్టేడియంలో జరిగింది. టికెట్లు పెట్టారు! పాతికవేల మంది కొనుక్కుని వచ్చారు, తాళి కట్టించుకున్నంత పని అయ్యాక పెళ్ళికూతురే గిటార్ తగిలించుకుని వాయించింది. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు స్టేజి మీద ఆర్కెస్ట్రాకి ఎదురుగా మూడు గంటలు కుర్చీలో కదలకుండా కూర్చుంటుంది చూడండి, అప్పుడు నాకు ఈ సంగతి గుర్తొచ్చి నవ్వొస్తుంది. 1964 మే నెలలో మాంచెస్టర్‌లో మూతపడిన ఒక రైల్వే స్టేషన్లో టీవీ వాళ్ళు ప్రోగ్రాం పెట్టారు. జనం ఒక ప్లాట్‌ఫారం మీద, స్టేజి అవతలి ప్లాట్‌ఫారం మీద, మధ్యలో పట్టాలు. వాన పడింది. ఆవిడ గుర్రబ్బండి దిగి, కోటు కూడా విప్పకుండా తెల్లటి ఎలక్ట్రిక్ గిటార్ తగిలించుకుని, అనుకున్న పాట పక్కనపెట్టి వాన పాటే ఎత్తుకుంది, 'డిడన్ట్ ఇట్ రెయిన్'. ఆ వీడియో దొరుకుతుంది, చూడండి. పెద్దావిడ, మా మేనత్తలా ఉంటుంది. సోలో వచ్చేసరికి ఆ చెయ్యి చూడాలి. ఆవిడ 1973లో పోతే ముప్పై ఏళ్ళకి పైగా సమాధి మీద రాయి కూడా లేదు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌వాళ్ళకి గుర్తొచ్చింది 2018లో.

ఇక్కడ నా స్నేహితుడొకడు అడ్డం పడతాడు. లయోలా కాలేజీలో నాతో చదివాడు, ఇప్పుడు పటమటలో ఉంటాడు. వాడి మాట ఏమిటంటే, "ఎవరికీ తెలియదు, గుర్తింపు లేదు అని ఏడుస్తావు గానీ, రోరీకి పుట్టిన ఊళ్ళో విగ్రహముంది, కార్క్‌లో ఒక కూడలికి ఆయన పేరు పెట్టారు, పారిస్ పక్కన ఒక వీధి కూడా ఉంది. తెలియనిది నీకు. దానికి లోకం మీద పడతావేం?" నిజమే. ఒప్పుకుంటాను. అసలు 'అండర్‌రేటెడ్' అన్న మాటే అరిగిపోయింది, ఈ మధ్య అందరూ అండర్‌రేటెడే. కానీ వాడు నా మాటకే బలం చేకూరుస్తున్నాడు. ఐర్లండ్‌లో విగ్రహం ఉన్నవాడు గవర్నర్‌పేటలో లేకపోవడానికి కారణం ఆయన వేళ్ళలో లేదు. ప్రతి ఊరికీ ఒక అర ఉంటుంది, అరలో పట్టిందే ఆ ఊరి చరిత్ర. ఇప్పుడు అర లేదంటారా? ఉంది. నువ్వు నిన్న విన్నదాని లాంటిదే ఇవాళా ఇచ్చే ఫోను ఉంది చూశారూ, ఆ షాపాయన తమ్ముడే అది. డీప్ పర్పుల్ అడిగితే బోనీ ఎమ్ ఇచ్చినందుకు ఆయన కనీసం "సారీ బాబూ, లేదు" అన్నాడు.

అయినా మన అర సంగతేమిటి? ఇళయరాజా తమిళ పాట 'ఇళయ నిలా' మొదట్లో వచ్చే గిటార్ బిట్‌ని నోటితో పాడమంటే బెజవాడలో ఆటో నడిపే ఆయన కూడా పాడతాడు. వాయించింది ఎవరు? చంద్రశేఖర్. ఎంతమందికి తెలుసు? క్యాసెట్ అట్ట మీద గీత రచయిత ఉండేవారు, గాయకులుండేవారు, వాయించినవాళ్ళకి చోటుండేది కాదు. 'దమ్ మారో దమ్'లో ఆ గిటార్ భూపిందర్ సింగ్‌ది, గజల్స్ పాడే భూపిందరే. ఆయన 2022లో పోయినప్పుడు అందరూ గొంతునే తలుచుకున్నారు. కొచ్చిలో మదర్‌జేన్ బ్యాండ్‌లో బైజు ధర్మజన్ అని ఒకాయన వాయించేవాడు, 2008లో వచ్చిన 'మక్తూబ్' ఆల్బం వినండి. ఎలక్ట్రిక్ గిటార్ మీద గమకాలు పలికిస్తాడు, అలంకారానికి పైన చల్లినట్టు కాదు, స్వరం నుంచి స్వరానికి వెళ్ళే దారే అది. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌ని ఇష్టపడేవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. ఆ మాటకొస్తే శ్రీనివాస్ వాయించింది కూడా ఎలక్ట్రిక్ మాండలినే. దాన్ని ఎవరూ రాక్ వాయిద్యం అనరు గానీ, కళ్ళు మూసుకుని ఆ వేగం వింటే నాకు రెండిళ్ళూ ఒకే వీధిలో కనిపిస్తాయి.

సోలోల గురించే ఇంతసేపు మాట్లాడాను, అది కూడా అర నేర్పిన అలవాటే. రిథమ్, అంటే పాట వెనక లయ తప్పకుండా కార్డ్స్ వాయించేవాళ్ళని, ఎవరూ లెక్కలో వెయ్యరు. ఏసీ/డీసీ బ్యాండ్ అంటే స్కూలు యూనిఫాంలో గెంతే యాంగస్ యంగ్ గుర్తొస్తాడు. వెనక డ్రమ్స్ పక్కన కదలకుండా నిలబడ్డ అన్న మాల్కమ్ యంగ్ చెయ్యి ఆగితే యాంగస్‌కి గెంతడానికి నేల ఉండదు. మాల్కమ్ తన గ్రెచ్ గిటార్‌లో అక్కర్లేదనుకున్న పికప్‌లు పీకేసి ఒక్కటే ఉంచుకున్నాడు, లావు తీగలు వేశాడు, గిటార్ గొంతుని గరగరలాడించే డిస్టార్షన్ మనం అనుకునేదానిలో సగం కూడా పెట్టడు. అందుకే ఆయన తప్పు వాయిస్తే దాక్కోవడానికి చోటు లేదు, తప్పు వాయించనూ లేదు. 2017లో పోయాడు, చివర్లో మతిమరుపు జబ్బు, సొంత పాటలే మళ్ళీ నేర్చుకుని స్టేజి ఎక్కాడట. మా మాస్టారు దీన్ని ఇంకోలా చెప్పేవారు. "లీడ్ వాయించేవాడు తప్పితే నవ్వుతారయ్యా, రిథమ్ వాయించేవాడు తప్పితే పాట ఆగుద్ది."

మాస్టారికి ఇప్పుడు డెబ్భై దగ్గరపడుతున్నాయి. మొన్న జూన్‌లో మంగళగిరి దగ్గర ఫంక్షన్ హాల్లో మా బంధువుల పెళ్ళికి వెళ్తే, ఆర్కెస్ట్రాలో వెనక వరసలో, ప్యాడ్స్ వాయించే కుర్రాడి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. భోజనాల విరామంలో స్టేజి వెనక్కి వెళ్ళి కాళ్ళకి దండం పెట్టాను. కూలర్ ముందు చొక్కా గుండీలు విప్పుకుని కూర్చుని పేపరు ప్లేట్లో పెరుగన్నం తింటున్నారు. గిటార్ పక్కనే ఆనించి ఉంది, చెయ్యి ఆనే చోట నల్ల రంగు పోయి పాలిపోయిన చెక్క కనిపిస్తోంది.

ఏమీ చెప్పకుండా ఇయర్‌ఫోన్స్ ఆయన చెవుల్లో పెట్టి, ఫోన్లో 'టాటూడ్ లేడీ' పెట్టాను, ఐరిష్ టూర్‌దే. తినడం ఆపలేదు. పాట సగానికి వచ్చాక ముద్ద నోటి దగ్గర ఆగింది.

"ఎవురయ్యా ఇతను?"

"ఐర్లండ్ ఆయన మాస్టారూ. పోయాడు."

ఇంకాసేపు విన్నారు. ఎడమ చేతి వేళ్ళు తొడ మీద కదులుతున్నాయి.

"ఆర్కెస్ట్రాలో చేసొచ్చాడు."

నాకు గుండె ఝల్లుమంది. నేను షోబ్యాండ్ సంగతి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎలా కనిపెట్టారన్నాను.

"ఎట్టా ఏంది? పాడతా లీడ్ వాయిస్తా రిథమ్ వదలట్లా చూడు. పక్కోడు రాని రోజు ముగ్గురి పని ఒక్కడే చేసినోడికి గానీ ఆ అలవాటు రాదు." ప్లేటు కుర్చీ కింద పెట్టి చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మైకులో ఎవరో పెళ్ళికొడుకు కారు గేటు దగ్గరకొచ్చిందని అరుస్తున్నారు, ప్యాడ్స్ కుర్రాడు అప్పుడే కర్రలు చేతిలోకి తీసుకున్నాడు. మాస్టారు ఒక చెవిలోది తీసి నా చేతిలో పెట్టి, రెండోది అలాగే ఉంచుకుని, గిటార్ పట్టా తలమీంచి వేసుకున్నారు.

"ఇది అయిపోయిందాకా ఉండనీ" అన్నారు.